రేపు తాయారు నర్సైన కథ

నిడదవోలు స్టేషను వీధిలో మంగతాయారు అని ఒక టైలరమ్మ ఉండేది, ఎవరు ఏ పని అడిగినా ఆమె "రేపు" అనకుండా ఉండలేకపోయేది.

జాకెట్టు ఎప్పుడిస్తావంటే రేపు. లంగాకి అంచు ఎప్పుడు వేస్తావంటే రేపు. చీరకి ఫాలు కుట్టడానికి ఎంతసేపు పడుతుందమ్మా అంటే, "ఎంతసేపో పట్టదండీ, రేపు రండి" అనేది. ఆ రేపు వచ్చేది, పోయేది, దాని వెనకాల ఇంకో రేపు వచ్చేది. జాకెట్టు మాత్రం వచ్చేది కాదు. అందుకని ఊళ్ళో ఆమెను మంగతాయారు అని ఎవరూ పిలిచేవారు కాదు. "రేపు తాయారు" అనేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు కొందరు అది ఆమె ఇంటిపేరు అనుకునేవారు.

తాయారు చెడ్డది కాదు. కుట్టు కూడా శుభ్రంగా కుట్టేది. కానీ మిషను ముందు కూర్చోగానే ఆమెకు ఒళ్ళు బరువెక్కేది. జాకెట్టుకి ఒక చెయ్యి కుట్టగానే దాహం వేసేది. రెండో చెయ్యి మొదలుపెట్టగానే వీధిలో ఏం జరుగుతోందో చూడాలనిపించేది. వీధిలో ఎవరికైనా జ్వరమనో, ఎవరో సైకిలు మీంచి పడ్డారనో తెలిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. సూది ఎక్కడిదక్కడ గుచ్చేసి లేచిపోయేది.

ఆమెకు చిన్నప్పటినుంచీ నర్సు కావాలని ఉండేది. ఇంటరు పాసయ్యాక, "వచ్చే ఏడు చేరతాలే" అంది. ఈలోగా కుట్టు నేర్చుకుంది. ఈలోగా పెళ్ళయింది. ఈలోగా కూతురు పుట్టింది, ఆ కూతురు బడికి కూడా వెళుతోంది. ఈలోగా అనేది అంత పొడుగ్గా ఉంటుందని తాయారు అనుకోలేదు.

ఊరి చివర ఒక ఆసుపత్రి, దాని వెనకాలే నర్సుల బడి ఉన్నాయి. ప్రతి ఏడూ అక్కడ కొత్తవాళ్ళను చేర్చుకునే రోజులు రాగానే తాయారు బీరువాలోంచి తన సర్టిఫికెట్లు తీసేది. చీర చెంగుతో తుడిచేది. చూసి మురిసిపోయేది. "రేపు వెళతాను" అని మళ్ళీ చీరల కింద పెట్టేసేది.

అయితే ఆ బడిలో ఒక వయసు దాటినవాళ్ళను చేర్చుకోరు. తాయారుకు ఈ ఏడే ఆఖరు. ఈసారి తప్పిపోతే ఇక జన్మంతా జాకెట్లే.

తాయారు భర్త ప్రకాశం రైసు మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు అతను అన్నం తింటుండగా ఆమె మాట కదిపింది.

"ఏవండీ, నేను నర్సు బడిలో చేరనా?"

"చేరు."

"మరి నా కుట్టు దుకాణం?"

"మానెయ్యి."

"మానేశాక అక్కడ నా వల్ల కాకపోతే?"

"అయితే చేరకు."

"అంటే నేను చెయ్యలేననా మీ ఉద్దేశం?"

ప్రకాశం ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు. "నా ఉద్దేశం అడిగితే చెబుతాను, కోప్పడకు. పాపం ఒక రోగి మూలుక్కుంటూ వస్తాడు. 'సిస్టరుగారూ, కడుపులో నొప్పండీ' అంటాడు. నువ్వు 'రేపు రండి' అంటావు. వాడికి రేపుందో లేదో ఎవరికి తెలుసు?"

పక్కన కూర్చున్న కూతురు కిసుక్కున నవ్వింది. తాయారు నవ్వలేదు. మొగుడు ఎగతాళి చేసినందుకు ఆమెకు బాధ కలగలేదు. తన మనసులో ఉన్న భయం కూడా అచ్చంగా అదే. చెప్పిన రోజుకి ఒక గుడ్డముక్క ఇవ్వలేనిదాన్ని, నా చేతిలో మనుషుల ప్రాణాలు ఎవరు పెడతారు అనుకుంది. ఆ సంగతి బాగా ఆలోచించి తేల్చుకోవాలనుకుంది.

"సరే, రేపు ఆలోచిస్తాను" అని గిన్నెలు తీసేసింది.

ఆ వీధిలోనే సోమిదేవమ్మగారని ఒక పెద్దావిడ అప్పడాలు చేసి అమ్ముతుండేది. ఆవిడ వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివర పడుకున్న కుక్కలు లేచి కూర్చునేవి. ఆవిడ మనవరాలి పెళ్ళి కుదిరింది. పెళ్ళిలో తను కట్టుకునే పట్టుచీరకు జాకెట్టు కుట్టమని తాయారుకు గుడ్డ ఇచ్చింది. ఇచ్చినప్పుడు పెళ్ళికి చాలా రోజులున్నాయి. ఇప్పుడు పెళ్ళి దగ్గరకొచ్చేసింది.

ఒకరోజు పొద్దున్నే సోమిదేవమ్మగారు చేతికి అంటిన అప్పడాల పిండి కూడా కడుక్కోకుండా దుకాణానికి వచ్చింది.

"ఏమే రేపూ! నా జాకెట్టేదే?"

"అయిపోయిందండీ సోమిదేవమ్మగారూ. హుక్కులొక్కటే కుట్టాలండీ."

"సరే, హుక్కుల్లేని జాకెట్టు చూపించు."

తాయారు తల గోక్కుంది. "చేతులు కూడా అతకాలండీ."

"చేతుల్లేని జాకెట్టు చూపించు."

తాయారు అలమర వైపు చూసింది.

"పోనీ నేనిచ్చిన గుడ్డైనా చూపిస్తావా, అదీ రేపేనా?"

తాయారు అలమర నిండా ఉన్న గుడ్డల మూటలు ఒక్కొక్కటే లాగి వెతకసాగింది. దుకాణం నేలంతా కత్తిరించి పడేసిన గుడ్డముక్కలు పరుచుకుని ఉన్నాయి. వాటిని ఊడవడం కూడా ఆమె రేపటికి పెట్టుకుంది. సోమిదేవమ్మగారికి ఓపిక అయిపోయింది. "తప్పుకో, నేనే వెతుక్కుంటాను" అని గబగబా లోపలికి అడుగువేసింది. ఆ అడుగు సరిగ్గా ఒక శాటిను ముక్క మీద పడింది.

పడటం పడటం ఆవిడ అలమర పట్టుకుంది. అలమర ఊగింది. పైనున్న మూటలన్నీ వచ్చి ఆవిడ మీద పడ్డాయి. అన్నిటికన్నా చివర, కత్తెర తగలకుండా, మడత నలగకుండా, ఒక పట్టుగుడ్డ నెమ్మదిగా జారి ఆవిడ మొహం మీద పరుచుకుంది.

"దొరికిందండీ!" అంది తాయారు.

గుడ్డ కిందనుంచి సోమిదేవమ్మగారు పెట్టిన కేకకు స్టేషను దగ్గర ఆటోవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆవిడ కాలు విరిగింది.

తాయారు మొహం పాలిపోయింది. కానీ చేతులు ఊరుకోలేదు. "కదలకండి, కదలకండి" అంటూ కాలు కదలకుండా బట్టలు కొలిచే చెక్క స్కేలు దన్నుగా పెట్టి, లైనింగు గుడ్డ చింపి కట్టు కట్టింది. తల కింద ఎవరిదో చీర మడిచి పెట్టింది. ఆటోను పిలిచింది, నలుగురి సాయంతో ఆవిడను ఎక్కించింది, తనూ ఎక్కింది. దుకాణం తలుపు వెయ్యడం మాత్రం మరిచిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, మోకాలి కింద ఎముక విరిగిందని, పిండికట్టు వేసి కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలని చెప్పాడు. ఆడవాళ్ళ వార్డు చూసే పెద్ద నర్సు దయామణి సిస్టరు వచ్చి, "ఈవిడతో ఎవరుంటారు?" అని అడిగింది.

సోమిదేవమ్మగారి కూతురు రాజమండ్రిలో పెళ్ళిపనుల్లో తలమునకలుగా ఉంది. ఇంకెవరూ లేరు. సోమిదేవమ్మగారు వేలు తాయారు వైపు చూపించింది.

"ఇదే ఉంటుంది. నా కాలు విరగ్గొట్టింది ఇదే, నన్ను చూసుకునేదీ ఇదే. ఇక్కడ గానీ రేపందో, విరగని కాలితో తంతాను."

అలా తాయారు వార్డులో ఉండిపోయింది. పొద్దున ఇంటికి వెళ్ళి వంట చేసి, కూతుర్ని బడికి పంపి, మళ్ళీ వచ్చేసేది.

మొదటిరోజే గొడవైంది. "తాయారూ, మంచినీళ్ళియ్యవే" అంది సోమిదేవమ్మగారు.

"రేపండీ" అంది తాయారు నోరు, అలవాటు కొద్దీ.

వార్డంతా ఉలిక్కిపడి చూసింది. సోమిదేవమ్మగారు విరగని కాలు ఎత్తబోయింది. ఎత్తేలోగానే నీళ్ళ గ్లాసు ఆవిడ పెదాలకు తగిలింది. తాయారు ఒక చేత్తో ఆవిడ తల ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు తాగిస్తోంది.

మరికాసేపటికి, "ఒసేయ్, అవతలికి వెళ్ళాలే" అంది సోమిదేవమ్మగారు.

"రేపండీ" అంది తాయారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మంచం దగ్గర లేదు. బెడ్‌పాన్ తేవడానికి వరండాలో పరిగెత్తుతోంది. రేపన్న మాట గుమ్మం బయటనుంచి వినపడింది.

చుట్టుపక్కల మంచాల వాళ్ళు కూడా ఆమెను పిలవడం మొదలుపెట్టారు. ఒకామె దిండు జారిందంటే సర్దేది. ఒకామెకు చెయ్యి కదలకపోతే అన్నం తినిపించేది. పక్క మంచం మీద గంగాలమ్మ అని ఒక ముసలామె ఉండేది, తిన్నది కడుపులో నిలిచేది కాదు. ఆమెకు వీపు నిమిరేది. అందరికీ "రేపండీ" అనేది. అందరి పనీ అప్పుడే చేసేది.

అలాగని ఆమెకు అన్నీ వచ్చేశాయని కాదు. ఒకరోజు దయామణి సిస్టరు ఒక రోగి చేతి పుండుకు మందు రాసి కట్టు కడుతూ, "తాయారూ, ఈ చివర కాస్త పట్టుకో అమ్మా, కత్తెర తీసుకుంటాను" అంది. తాయారు పట్టుకుంది. ఏళ్ళ తరబడి జాకెట్ల దారాలు పళ్ళతో కొరికిన మనిషి. ఏమీ ఆలోచించకుండా వంగి, ఆ కట్టు చివర పళ్ళ మధ్య పెట్టి పుటుక్కున కొరికేసింది.

సిస్టరు కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏం చేశావమ్మా?"

"తెంపానండీ."

"అది జాకెట్టు కాదమ్మా, పుండు! నోట్లో ఉన్న సూక్ష్మక్రిములన్నీ దానికి పెట్టావు. దానివి నువ్వు తెచ్చుకున్నావు. వెళ్ళు, ముందు నోరు కడుక్కునిరా."

సిస్టరు కట్టంతా విప్పి మళ్ళీ కొత్తది కట్టింది. తాయారు కుళాయి దగ్గర నోరు కడుక్కుంటూ ఏడ్చింది. నేనెక్కడ, నర్సు ఉద్యోగమెక్కడ అనుకుంది. కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి ఎవరో దుప్పటి కావాలన్నారు. ఏడుపు సంగతి మరిచిపోయి దుప్పటి తెచ్చింది.

ఇక సాయంకాలం రోగుల్ని చూడటానికి వచ్చే వేళైతే వార్డు సంతలా ఉండేది. తాయారు దగ్గర గుడ్డలు ఇచ్చినవాళ్ళందరూ సోమిదేవమ్మగారిని పరామర్శించే వంకతో వచ్చేవారు. బత్తాయిలు సోమిదేవమ్మగారికి, చూపులు తాయారుకి.

"కాలెలా ఉంది పిన్నిగారూ? అయ్యో పాపం. తాయారూ, నా ఊదారంగు జాకెట్టు..."

"రేపండీ."

"పెద్దమ్మగారూ, బాగా తింటున్నారా? తాయారూ, మా అమ్మాయి గౌను..."

"రేపండీ."

ఒక సాయంకాలం సోమిదేవమ్మగారు విసుక్కుంది. "మీరు నా కాలు చూడటానికి వచ్చారా, జాకెట్ల కోసం వచ్చారా? దాన్ని వదలండి, దానికి ఇక్కడ పనుంది." ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆవిడకే అర్థం కాలేదు.

వాళ్ళు వెళ్ళాక దయామణి సిస్టరు తాయారును పిలిచింది. "అమ్మా, నువ్వు ఇంటరు చదివావటగా. వెనకాల మన నర్సుల బడి ఉంది. శనివారంతో చేర్చుకోవడం ఆఖరు. చేరకూడదూ?"

తాయారు చీర చెంగు మెలి తిప్పింది. "రేపు చెబుతానండీ" అంది.

వార్డంతా ఒక్కసారిగా నవ్వింది. సెలైను పెట్టించుకుంటున్న ఆమె కూడా సూది కదులుతుందని భయపడుతూనే నవ్వింది.

సోమిదేవమ్మగారు మాత్రం మంచం మీద లేచి కూర్చున్నంత పని చేసింది. "దీన్నా, నర్సా? సిస్టరుగారూ, మీకు తెలీదు. దీని మాట నమ్మి నేనీ మంచం ఎక్కాను. ఇంకెంతమందిని ఎక్కించమంటారు?"

"మామ్మగారూ" అంది దయామణి సిస్టరు, "మీరు ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి మాట విన్నారు. కాళ్ళు ఎప్పుడైనా చూశారా?"

"దాని కాళ్ళు నేనెందుకు చూస్తాను? నా కాలు చూసుకోడానికే సరిపోతోంది."

"ఒకసారి చూడండి" అని సిస్టరు తన పని మీద వెళ్ళిపోయింది.

సోమిదేవమ్మగారు ఊరుకునే రకం కాదు. మర్నాడు మధ్యాహ్నం పరీక్ష మొదలుపెట్టింది.

"తాయారూ, మంచినీళ్ళు."

"రేపండీ." గ్లాసు వచ్చింది.

"ఇవి చల్లగా ఉన్నాయి. వేణ్ణీళ్ళు."

"రేపండీ." వేణ్ణీళ్ళు వచ్చాయి.

"వీపు దురద."

"రేపండీ." వీపు గోకడం అయింది.

"గంగాలమ్మ మూలుగుతోంది, చూడు."

ఈసారి రేపండీ అనేది అసలు వినపడనే లేదు. తాయారు అప్పటికే గంగాలమ్మ దగ్గర ఉంది.

సోమిదేవమ్మగారు కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఆఖరుకి, "తాయారూ, దుకాణానికి వెళ్ళి నా పట్టుగుడ్డ తీసుకొచ్చి, ఇక్కడ కూర్చుని నా జాకెట్టు కుట్టవే" అంది.

"రేపండీ" అంది తాయారు.

కాళ్ళు కదల్లేదు. నేలకు మేకులు కొట్టినట్టు అక్కడే ఉన్నాయి. పైగా ఆమెకు ఆవలింత కూడా వచ్చింది.

"ఓసి నీ దుంపతెగ!" అని సోమిదేవమ్మగారు మంచం మీద చరిచింది. "గోకమంటే పరిగెత్తుకొచ్చావు, కుట్టమంటే కాలు కదపలేదు. ఇన్నేళ్ళూ నీకు బద్ధకమనుకున్నానే! కాదే, నువ్వు ఉండకూడని చోట ఉన్నావు. వెళ్ళి ఆ నర్సు బడిలో చేరు."

తాయారుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిజంగానా అండీ?"

"నిజమే. కానీ ఒక మాట. నీకు ఇష్టం లేదని ఊరి గుడ్డలన్నీ మూటగట్టి పారిపోతానంటే మాత్రం ఊరుకోను. ఎవరి గుడ్డ వాళ్ళకు ఇచ్చి మరీ చేరు. ముందు నాది."

మర్నాటినుంచి స్టేషను వీధి ఒక వింత చూసింది. తాయారు పొద్దున్నే దుకాణం ఊడ్చి మిషను ముందు కూర్చుంది. దాహం వేసినా లేవలేదు. వీధిలోకి చూడకుండా కుట్టింది, రాత్రికి వార్డుకు వెళ్ళింది. తను కుట్టగలిగినవి కుట్టింది. కుట్టలేననుకున్నవి పక్కవీధి టైలరుకు అప్పగించి, "మీ గుడ్డ అక్కడుందండీ, నన్ను క్షమించండి" అని ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. చెప్పిన రోజుకి జాకెట్టు చేతికి వచ్చేసరికి కొందరు ఇది మాది కాదేమోనని తిరిగిచ్చేశారు. ఒకావిడ ఈ మధ్యలో లావెక్కి, జాకెట్టులో చెయ్యి కూడా దూర్చలేకపోయింది. బారసాలకని ఇచ్చిన గౌనును ఆ పాపే నడుచుకుంటూ వచ్చి తీసుకుంది.

శనివారం వచ్చింది. మధ్యాహ్నానికి సోమిదేవమ్మగారి జాకెట్టు కూడా పూర్తయింది. తాయారు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఒక చేతిలో జాకెట్టు, ఒక చేతిలో సర్టిఫికెట్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. సోమిదేవమ్మగారు జాకెట్టు తిప్పి తిప్పి చూసింది. హుక్కులు లాగి చూసింది. "బాగానే ఉంది. ఇంక ఫో. ఆఫీసు మూసేస్తారు" అంది.

తాయారు గుమ్మందాకా వెళ్ళింది. వెనకనుంచి కక్కుతున్న చప్పుడు వినపడింది. గంగాలమ్మ పక్క మీదే వాంతి చేసుకుంది. ఆమె కోడలు మందుల కోసం బయటికి వెళ్ళింది. దయామణి సిస్టరు వార్డు ఆ చివర ఇంకో రోగితో ఉంది. ముసలామె పక్కకు తిరగలేక, చెయ్యి గాలిలో ఆడిస్తోంది. ఊపిరి ఎగదన్నుతోంది.

"సిస్టరుగారూ!" అని తాయారు గట్టిగా పిలిచింది. తర్వాత, "మామ్మా, నేను వెళ్ళాలి, రేపు వస్తాను" అంది. అంటూనే సర్టిఫికెట్లు కిటికీలో పెట్టేసి గంగాలమ్మను పక్కకు తిప్పి, నోరు తుడిచి, వీపు రాస్తోంది.

సిస్టరు వచ్చి చూసి ఇంజక్షను ఇచ్చింది. గంగాలమ్మకు ఊపిరి కుదుటపడింది. తాయారు దుప్పటి మార్చింది. ఒళ్ళు తుడిచింది. ఆమెకు చీర మార్చింది. ముసలామె తాయారు వేలు పట్టుకుని వదల్లేదు. కోడలు వచ్చేదాకా తాయారు అక్కడే కూర్చుంది. అప్పుడు ఆమెకు ఆఫీసు గుర్తొచ్చింది. సర్టిఫికెట్లు పట్టుకుని పరిగెత్తింది.

నర్సుల బడి ఆఫీసు ముందు గుమస్తా తాళం కప్ప చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"బాబూ, చేరడానికి వచ్చానండీ."

"టైమైపోయిందమ్మా. రేపు రండి."

"రేపు ఆదివారం కదండీ?"

"అయితే ఎల్లుండి రండి."

"ఎల్లుండికి చేర్చుకోవడం అయిపోతుంది కదండీ?"

"అయిపోతుందమ్మా" అన్నాడతను నిదానంగా. ఆ నిదానం తాయారుకు బాగా తెలుసు. అది ఆమెదే. ఇన్నేళ్ళూ అలాగే అంటూ వచ్చింది.

ఆ మాట వినేవాళ్ళకు లోపల ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. మెట్టు మీద కూలబడింది. ఏ పాపం తెలియని ఆ గుమస్తాను ఏమనగలదు? తనే ఎంతమందిని ఇలా మెట్ల మీద కూర్చోబెట్టిందో!

ఇంతలో వరండాలోంచి చక్రాల కుర్చీ గడగడా వచ్చింది. కుర్చీలో సోమిదేవమ్మగారు, కుర్చీ తోస్తూ ప్రకాశం. పెళ్ళాం చేరిందో లేదో చూద్దామని మిల్లునుంచి వచ్చిన అతన్ని ఆవిడ వార్డులోనే పట్టుకుంది. వెనకాల దయామణి సిస్టరు వస్తోంది.

"ఏమయ్యా తాళం!" అంది సోమిదేవమ్మగారు. ఆసుపత్రి పావురాలు లేచిపోయాయి. "రేపు, రేపు అన్న మాట విని విని నా కాలు విరిగింది. దాని చేత ఆ మాట మాన్పిద్దామని నేను మంచం మీదనుంచి చస్తుంటే, ఇప్పుడు నువ్వు మొదలెట్టావా? ప్రకాశం, నన్ను ఇంకాస్త దగ్గరకు తొయ్యి, అతనికి సరిగ్గా వినపడటం లేదు."

"వినపడుతోందండీ" అన్నాడు గుమస్తా రెండు చెవులూ మూసుకుని.

ఆ గోలకు లోపలనుంచి ప్రిన్సిపాలుగారు బయటికి వచ్చింది. నవ్వని మనిషి. సంగతేమిటని అడిగి తెలుసుకుని, తాయారు వైపు చూసింది. "ఇవాళే ఆఖరని తెలుసా?"

"తెలుసండీ."

"మరెందుకు ఆలస్యమైంది?"

తాయారు తల దించుకుంది. ఆమె చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి, వాటినుంచి వాంతి వాసన వస్తోంది. దయామణి సిస్టరే జరిగింది చెప్పింది.

"ఆ ముసలామె నీకేమవుతుంది?" అని అడిగింది ప్రిన్సిపాలుగారు.

"ఏమీ కాదండీ."

"సిస్టరు వచ్చిందిగా. అప్పుడైనా నీ దారిన నువ్వు రావచ్చుగా."

"రావచ్చండీ. వెళ్ళాలనే అనుకున్నానండీ. కాళ్ళు రాలేదండీ."

ప్రిన్సిపాలుగారు ఆ తడిసిన కుచ్చిళ్ళ వైపు చూసింది. తర్వాత గుమస్తాతో, "తాళం తియ్యి. ఇవాళ ఇంకా అయిపోలేదు" అంది. మళ్ళీ తాయారు వైపు తిరిగింది. "చూడమ్మా, ఇది కుట్టుపని లాంటిది కాదు. సంసారం ఉన్నదానివి. చదువుకోవాలి, నిలబడాలి, తిట్లు తినాలి. బాగైపోయి ఇంటికి వెళ్ళినవాళ్ళు నీ పేరు కూడా గుర్తుపెట్టుకోరు. నెమ్మదిగా ఆలోచించుకుని చెప్పు. చేరతావా?"

ప్రకాశం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సోమిదేవమ్మగారు విరగని కాలు సిద్ధంగా పెట్టుకుంది. దయామణి సిస్టరు శిలువ గుర్తు వేసుకుంది.

తాయారు నోరు తెరిచింది. "రే..." అని మొదలుపెట్టింది.

అందరూ ఒక్కసారిగా ఆమె కాళ్ళ వైపు చూశారు. కాళ్ళు అక్కడ లేవు. అప్పటికే గుమ్మం దాటి ఆఫీసు లోపల, బల్ల ముందు నిలబడి ఉన్నాయి.

ఆ తర్వాత తాయారు చదువుకుంది, తిట్లు తింది, నర్సయింది. ఇప్పుడు అదే వార్డులో తెల్లబట్టలు వేసుకుని తిరుగుతోంది. ఇంజక్షనుకు భయపడే ముసలాళ్ళు, "రేపు పొడిపించుకుంటానమ్మా తల్లీ" అని బతిమాలతారు. "ఆ మాట నా దుకాణంలోనే వదిలేసి వచ్చాను మామ్మా" అంటుంది. వాళ్ళు ఆ సంగతి ఏమిటని అడిగేలోగానే ఇంజక్షను అయిపోతుంది.

సోమిదేవమ్మగారు మనవరాలి పెళ్ళికి చక్రాల కుర్చీలోనే వెళ్ళింది, ఆ జాకెట్టే వేసుకుని. ఆసుపత్రి తిండికి చిక్కిపోవడం వల్ల అది కాస్త వదులైంది. ఇప్పటికీ ఎక్కడైనా తాయారు కనిపిస్తే, "ఒసేయ్, ఆ జాకెట్టు పక్కల్లో రెండు కుట్లు బిగించిపెట్టవే" అంటుంది.

"రేపండీ" అంటుంది తాయారు. కాళ్ళు మాత్రం ఒక్క అంగుళం కూడా కదలవు.

మనకు తగిన పని ఏదో తేల్చుకోవాలంటే మన నోటిని అడగకూడదు. మన కాళ్ళు ఏ పనికి రేపటిదాకా ఆగలేవో, అదే మన పని.